ఓబులేసు ఓడకూడదు

చీరాల బస్టాండు వెనక సందులో బీరక మంగతాయారు చేతిలో ఉరుము ఓబులేసు రోజుకు తక్కువలో తక్కువ నలభైసార్లు చచ్చిపోయేవాడు. ఆదివారాలు, పరీక్షలు అయిపోయిన మర్నాళ్ళు అయితే వంద దాటేది. ఈ సంగతి మూడేళ్ళపాటు ప్రభుత్వం దృష్టికి రాలేదు. వచ్చిపోయేవాళ్ళెవరూ అందులో నేరం ఉందనుకోలేదు.

"ఉరుము ఓబులేసు" ఒక సినిమా. ఓబులేసు అనే రైతు తన పొలం గట్టు జరిపిన నాగప్పదొరను చివరి రీల్లో చితక్కొట్టి పంపిస్తాడు. అది నూరు రోజులు ఆడిన ఊపులో మద్రాసులో ఎవరో ఉత్సాహవంతులు దాన్ని వీడియో గేముగా తయారుచేసి, బీరువా అంత చెక్కపెట్టెల్లో బిగించి ఊరూరా అమ్మారు. పెట్టెకు ముందువైపు టీవీ తెర, తెర కింద రెండు హ్యాండిళ్ళు, ఒక్కో హ్యాండిల్ పక్కన మూడు బటన్లు. ఎడమవైపు నిలబడినవాడు ఓబులేసు, కుడివైపు నిలబడినవాడు నాగప్పదొర. బిళ్ళ వేస్తే తొంభై తొమ్మిది సెకన్లపాటు కొట్టుకోవచ్చు.

మంగతాయారుకు యాభై రెండేళ్ళు. పాతికేళ్ళు మగ్గం మీద దారపు నాడె అటూ ఇటూ విసిరిన చెయ్యి ఆమెది. భర్త సాంబయ్య పోయాక ఒంటరిగా మగ్గం నడపలేక అమ్మేసి ఈ మిషను కొన్నది. మిషను నూలు అడగదనీ, సాయంత్రానికి నడుము పట్టేయదనీ అమ్మినవాడు నచ్చజెప్పాడు. మొదట్లో ఆమెకు ఆట మీద మోజేమీ లేదు. అయితే వచ్చిన ప్రతివాడూ ఓబులేసు వైపే నిలబడతానని పేచీ పెట్టేవాడు. దొరవైపు మనిషి లేక మిషను ఖాళీగా ఉండిపోయేది. ఇక తప్పదని ఆమె స్టూలు లాక్కుని కుడివైపు కూర్చున్నది. నెల తిరిగేసరికి ఊళ్ళో ఆమెను ఓడించే మనిషి లేడు. హ్యాండిల్ కిందికి లాగి, వెనక్కి తోసి, ఎర్ర బటన్ నొక్కితే నాగప్పదొర వంగి తన చేతికర్రతో ఓబులేసు కాళ్ళు ఊడ్చేస్తాడు. మిగతావాళ్ళకు అవి మూడు పనులు. నాడె విసిరిన చేతికి ఒక్కటే పని.

ఓడిపోయినవాళ్ళలో అందరికంటే పెద్దవాడు గఫూరు. పక్క వీధిలో టైలరు. ముప్పై అయిదేళ్ళుంటాయి. సాయంత్రం అయిదింటికి మిషను కుట్టడం ఆపి, మెడలో టేపు అలాగే ఉంచుకుని వచ్చేవాడు. ఇవాళ ఆమె పని చెబుతానని వస్తూ అనేవాడు. ఓడి వెళ్తూ, తప్పు ఎక్కడ జరిగిందో దారి పొడుగునా చేతులు తిప్పుకుంటూ ఆలోచించేవాడు. జాకెట్లు ఆలస్యమవుతున్నాయని వీధిలో ఆడవాళ్ళు మంగతాయారునే తిట్టుకునేవారు. మూడేళ్ళలో అతను ఒక్కసారి కూడా గెలవలేదు, ఒక్కరోజు కూడా మానలేదు.

ఇలా ఉండగా ఎక్కడో దూరపు ఊళ్ళో, ఓబులేసు వేషం వేసిన నటుడి అభిమానులు సమావేశమై, తమ హీరో కొన్ని చెక్కపెట్టెల్లో ప్రతిరోజూ ఓడిపోతున్నాడని ప్రభుత్వానికి మహజరు పెట్టుకున్నారు. దాన్ని పరిశీలించడానికి ఒక విభాగం ఏర్పడింది. ఏర్పడిన విభాగం ఊరికే కూర్చోలేదు గనక నియమావళి తయారుచేసింది. ఆ నియమావళిని పట్టుకుని ఒక మంగళవారం పూట అద్దంకి త్రివిక్రమరావు మంగతాయారు కొట్టుకు వచ్చాడు. ఆయన దృశ్య వినోద అనుసరణల పర్యవేక్షణాధికారి. జిల్లాకు ఆయన ఒక్కడే. జిల్లాలో ఆయన పర్యవేక్షించదగ్గ మిషను కూడా ఒక్కటే.

ఆయన కుర్చీ తుడిపించుకుని కూర్చుని, నియమావళి పేరు చదివాడు. "చలనచిత్రాధారిత ద్వంద్వయుద్ధ యంత్రములయందు మూలకథా విధేయతా పరిరక్షణ" అన్నంతవరకు మంగతాయారుకు గుర్తుంది. ఆ తర్వాత ఒక సెమికోలను వచ్చింది.

ఆట చూపించమన్నాడు. అప్పుడే వచ్చిన గఫూరు ఎడమవైపు నిలబడ్డాడు. ఇరవై రెండు సెకన్లలో ఓబులేసు వెల్లకిలా పడిపోయాడు. త్రివిక్రమరావు గడియారం చూసి రాసుకున్నాడు.

"అమ్మా, మీరు ఇప్పుడు చేసినదేమిటో మీకు తెలుసా?" అని అడిగాడు.

"గెలిచాను సార్."

"ఓబులేసు గెలిచే సినిమాకు సెన్సారు వారు సర్టిఫికెట్ ఇచ్చారు. ఓబులేసు ఓడిపోయే సినిమాకు ఎవరూ ఇవ్వలేదు. కాబట్టి ఇప్పుడు మీరు ఈ కొట్టులో ఒక సర్టిఫికెట్ లేని సినిమాను ప్రదర్శించారు. రోజుకు ఎన్ని ప్రదర్శిస్తారు?"

మంగతాయారు నిజాయితీగల మనిషి. నలభై అని చెప్పింది. త్రివిక్రమరావు లెక్క వేశాడు. దేశంలో ఏ నిర్మాతా ఏడాదికి నలభై సినిమాలు తీయలేడని, ఆమె అనుమతి లేకుండా రోజుకు నలభై తీస్తున్నదని ఆయన రాసుకున్నాడు. ఇది సినిమా కాదనీ, బటన్లు నొక్కితే బొమ్మలు కదులుతాయనీ ఆమె చెప్పుకోబోయింది. సినిమా హాల్లోనూ ఆపరేటరు బటను నొక్కితేనే బొమ్మలు కదులుతాయని ఆయన గుర్తుచేశాడు.

మొదటి విడతగా ఆయన ఒక రిజిస్టరు ఇచ్చి వెళ్ళాడు. ఓబులేసు ఓడిన ప్రతిసారీ మూలం నుంచి వ్యత్యాసం జరిగినట్టు నమోదు చేసి, ఎదుట కారణం రాయాలి. మంగతాయారు శ్రద్ధగా రాసింది. "గఫూరు పక్కకు చూసినందువల్ల." "కాలేజీ కుర్రాడికి చెమట పట్టి చెయ్యి జారినందువల్ల." "ఆటో వెంకటప్పయ్యకు ఆట రానందువల్ల." పదిహేను రోజుల తర్వాత రిజిస్టరు తనిఖీకి వెళ్ళి, కారణాలు సినిమా కథలో లేనివైనందున అంగీకరించడం సాధ్యం కాదని ఎర్రసిరాతో తిరిగి వచ్చింది. దానికి జతపరిచిన ఉత్తర్వులో రెండో విడత నిబంధన ఉంది. ఇకపైన ఆట చివరి రీల్లో ఉన్నట్టే జరగాలి.

చివరి రీల్లో ఏముందో త్రివిక్రమరావే స్వయంగా వచ్చి వివరించాడు. విధి నిర్వహణలో ఆయన ఆ సినిమా పదకొండుసార్లు చూశాడు. ఓబులేసు మొదట పదిహేడు దెబ్బలు తింటాడు. నేల మీద పడతాడు. అప్పుడు వాళ్ళమ్మ నాలుగు నిమిషాల ఇరవై సెకన్లపాటు పాట పాడుతుంది. పాట పూర్తయ్యాక ఓబులేసు లేచి దొరను కొడతాడు.

ఇందులో రెండు చిక్కులున్నాయని మంగతాయారు మనవి చేసుకుంది. మిషనులో మనిషి పన్నెండో దెబ్బకే చచ్చిపోతాడు. పైగా మొత్తం ఆటే తొంభై తొమ్మిది సెకన్లు, అంత పాటకు చోటు లేదు. త్రివిక్రమరావు ఆ అభ్యంతరాలను తేలిగ్గా తీసుకోలేదు. హెడ్డాఫీసుకు రాశాడు. నెలరోజులకు జవాబు వచ్చింది. పదకొండు దెబ్బలు తెరమీద కొట్టి, మిగిలిన ఆరు రిజిస్టరులో కొట్టినట్టు రాయవచ్చు. పాట విషయంలో, ఆటగాళ్ళు ముందుగానే నిలబడి పాడుకుని, ఆ తర్వాత బిళ్ళ వేయవచ్చు.

ఆ రోజు నుంచి బస్టాండు వెనక సందులో కొత్త పద్ధతి మొదలైంది. వచ్చినవాడు చేతులు కట్టుకుని, చావుబతుకుల్లో ఉన్న కొడుకును మేలుకొలిపే తల్లిపాట నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు పాడాలి. మంగతాయారు గడియారం చూడాలి. తర్వాత ఆమె లెక్కపెట్టి పదకొండు దెబ్బలు కొట్టి, హ్యాండిల్ మీది నుంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకోవాలి. ఎదుటివాడు నాగప్పదొరను తీరిగ్గా చంపుకోవాలి. బస్సు కోసం వచ్చినవాళ్ళు ఏదో భజన జరుగుతున్నదనుకుని చెప్పులు విప్పి కాసేపు నిలబడి వెళ్ళేవారు. ఓబులేసు రోజుకు నలభైసార్లూ గెలిచాడు. వ్యత్యాసాలు సున్నా అని త్రివిక్రమరావు పైకి నివేదిక పంపాడు. ఆయన జిల్లా రాష్ట్రంలో మొదటి స్థానంలో నిలిచింది.

ఆ మొదటిరోజే గఫూరు వచ్చాడు. పాట పాడలేదు, తనకు గొంతు లేదన్నాడు. మంగతాయారు అతని బదులు పెదాలు కదిపి గడియారం చూసింది. పదకొండు దెబ్బలు అయ్యాయి. ఆమె చెయ్యి తీసింది. గఫూరు తెరవైపు చూస్తూ ఒక్కో దెబ్బే కొట్టాడు. మూడేళ్ళలో మొదటిసారి అతని చేతిలో నాగప్పదొర కింద పడ్డాడు. మిషను బూరలు ఊది, తెర మీద పువ్వులు కురిపించింది. గఫూరు హ్యాండిల్ వదిలి ఆమెవైపు తిరిగాడు.

"అక్కా, మూడేళ్ళు ఓడిపోయినా నాకు ఇంత చిన్నతనంగా లేదు," అన్నాడు. "నువ్వు గెలిపిస్తే గెలిచేవాడినా నేను?"

ఆమె రిజిస్టరులో మిగిలిన ఆరు దెబ్బలు రాస్తున్నది. అతను మర్నాడు రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. వీధిలో జాకెట్లు చెప్పిన రోజుకే తయారవుతున్నాయని విని ఆమెకు అన్నం సయించలేదు.

జనం పలచబడ్డారు. ఎలాగూ గెలిచే ఆట కోసం అంతంత పాట ఎవరు పాడతారు? కొట్టు మూసేసి ఎవరింట్లోనైనా వంటకు కుదురుకుందామా అని ఆమె ఆలోచిస్తున్న సమయంలో మరో జీపు వచ్చి సందు మొగదల ఆగింది.

దిగిన ఆమె డాక్టర్ ముక్తేవి సువర్చల. సాహిత్య మూలాల పరిరక్షణ మండలిలో ప్రత్యేకాధికారి. కళ్ళజోడు తీసి మిషనును నాలుగువైపులా చూసి, ఇక్కడ మహాపరాధం జరుగుతున్నదని ప్రకటించింది. ఓబులేసు ఓడినందుకు కాబోలనుకుని మంగతాయారు రిజిస్టరు చూపించబోయింది. గెలిచినందుకని సువర్చల చెప్పింది.

విషయం ఏమిటంటే, ఆ సినిమాకు ఒక నవల ఆధారం. పేరు "సర్వే నంబరు 212". సినిమా మొదట్లో చిన్న అక్షరాల్లో ఆ పేరు పడుతుంది. నాలుగువందల పన్నెండు పేజీల ఆ నవలలో ఎవరూ ఎవరినీ కొట్టరు. గట్టు తగాదా తాలూకాఫీసులో నడుస్తూ ఉంటుంది. రెండువందల తొంభయ్యో పేజీలో ఓబులేసు కామెర్లు ముదిరి చనిపోతాడు. సినిమావాళ్ళు మూలానికి ద్రోహం చేస్తే, ఆ ద్రోహానికి విధేయంగా ఉండమని మరొక విభాగం ఉత్తర్వులివ్వడం సాహిత్యానికి అవమానమని సువర్చల అన్నది. అసలు విధేయత మూలానికి మూలమైనదాని పట్ల ఉండాలి. కాబట్టి ఈ మిషనులో ఓబులేసు కామెర్లతో పోవాలి.

త్రివిక్రమరావుకు కబురు వెళ్ళి ఆయనా వచ్చాడు. ఇద్దరు అధికారులూ మిషనుకు చెరోవైపు నిలబడి రెండు గంటలు మాట్లాడుకున్నారు. ఒకరినొకరు "గౌరవనీయులు" అని సంబోధించుకున్నారు గనక అది పోట్లాట అని మంగతాయారుకు వెంటనే తెలియలేదు. చివరికి తాత్కాలిక ఏర్పాటు కుదిరింది. బేసి తేదీల్లో సినిమా ప్రకారం ఓబులేసు గెలవాలి. సరి తేదీల్లో నవల ప్రకారం కామెర్లతో చావాలి.

"మిషనులో కామెర్లు లేవమ్మా," అని మంగతాయారు సువర్చలతో చెప్పింది. "కొట్టుకోవడం ఒక్కటే ఉంది."

సువర్చల తెరను నిశితంగా పరిశీలించింది. ఎడమ చివర ముళ్ళకంచె ఒకటి ఉంది. ఆటగాడు పొరపాటున దానికి తగిలితే అతని ప్రాణాన్ని చూపే గీత కొంచెం తగ్గుతుంది. ఆ కంచెను కామెర్లకు ప్రతీకగా స్వీకరించవచ్చని ఆమె రాసి ఇచ్చింది. అప్పటి నుంచి సరి తేదీల్లో నాగప్పదొర కుడిచివర ఊరికే నిలబడి ఉంటే, ఓబులేసు తనంతట తాను వెళ్ళి ముళ్ళకంచెకు ఒళ్ళు రాసుకుని రాసుకుని చనిపోయేవాడు. అలా చావడానికి బిళ్ళ వేసేవాళ్ళు చీరాలలో నలుగురు కూడా దొరకలేదు. ముప్పై ఒకటో తేదీ తర్వాత ఒకటో తేదీ రావడంతో వరుసగా రెండు బేసిలు వచ్చాయని సువర్చల అభ్యంతరం పెట్టింది. దానిమీద ఉమ్మడి విచారణసంఘం ఏర్పడింది.

విచారణ మంగతాయారు కొట్టులోనే జరిగింది. ఇద్దరు అధికారులూ బల్ల వెనక కూర్చున్నారు. నవలారచయిత పరిమి శోభనాద్రిని సాక్షిగా పిలిపించారు. ఆయన డెబ్బై ఎనిమిదేళ్ళవాడు. సర్వే శాఖలో గొలుసు పట్టుకుని పొలాలు కొలిచి రిటైరయ్యాడు. ఒకే ఒక్క నవల రాశాడు. దాన్ని సినిమాగా తీశారని విన్నాడు గాని చూడలేదు. ఆ సినిమాను గేముగా చేశారని ఆ రోజే విన్నాడు. మంగతాయారు ఆయనకు తన స్టూలు ఇచ్చింది.

మూలంలో ఓబులేసు ఓడాడా గెలిచాడా, ఉన్నది ఉన్నట్టు చెప్పమని త్రివిక్రమరావు అడిగాడు. శోభనాద్రి ఇబ్బందిగా కదిలాడు. తాను మొదట రాసినదాంట్లో నాగప్పదొరే కోర్టులో గెలిచాడని, పాఠకులు ఒప్పుకోరని ప్రచురణకర్త అంటే ఓబులేసుకు కామెర్లు తెప్పించాడని ఒప్పుకున్నాడు. ఆ లెక్కన మూడేళ్ళుగా మూలానికి విధేయంగా నడుచుకున్నది రాష్ట్రం మొత్తం మీద మంగతాయారు ఒక్కతే. ఆ రాతప్రతి దాఖలు చేయమన్నారు. చెదలు తిన్నదని శోభనాద్రి చెప్పాడు. చెదలు తిన్న మూలాన్ని మూలంగా పరిగణించవచ్చునా అన్న ప్రశ్నను విడిగా నమోదు చేసుకున్నారు.

మంగతాయారుకు ఉండబట్టలేదు. ఓబులేసూ, నాగప్పదొరా నిజంగా ఉన్న మనుషులేనా అని శోభనాద్రినే అడిగింది.

"మా నాన్న, మా మేనమామ," అన్నాడు శోభనాద్రి. "ఇద్దరి మధ్యా ఒక గట్టు. ముప్పై ఏళ్ళు తగువాడుకున్నారమ్మాయ్. ఎవరూ గెలవలేదు. మా మామకు జ్వరమొచ్చి వారం మంచం పడితే, మా నాన్న గట్టు మీదకెళ్ళి ఉత్తపుణ్యానికి అరిచి వచ్చేవాడు. అటునుంచి జవాబు రాకపోతే ఆ పూట అన్నం తినేవాడు కాదు."

మంగతాయారు కళ్ళు తుడుచుకుంది. గఫూరు రాక నెలా పదిరోజులైంది.

అధికారులకు మాత్రం ఈ సాక్ష్యం కొత్త సమస్య తెచ్చిపెట్టింది. గేముకు సినిమా మూలం, సినిమాకు నవల మూలం, నవలకు జీవితం మూలమని తేలింది. జీవితం తమ ఇద్దరి శాఖల పరిధిలోనూ లేదు. దాన్ని ఏ శాఖ చూస్తుందో నిర్ణయమయ్యేవరకు మిషనును స్వాధీనం చేసుకోవడం తప్ప గత్యంతరం లేదని ఇద్దరూ మొదటిసారి ఏకాభిప్రాయానికి వచ్చారు. తెర చుట్టూ లక్కముద్రలు వేసి, లారీ ఎక్కించి, మిషనును ఒంగోలు తీసుకుపోయారు. కొట్టులో అది నిలబడినచోట గచ్చు మీద నలుచదరపు మచ్చ మిగిలింది.

మంగతాయారు వారం వారం పాసింజరు బండి ఎక్కి ఒంగోలు వెళ్ళేది. వెళ్ళినప్పుడల్లా త్రివిక్రమరావు మీటింగులో ఉన్నారని బంట్రోతు చెప్పేవాడు. సువర్చల ఆఫీసు అదే భవనంలో పై అంతస్తు. ఆవిడా మీటింగులోనే ఉండేది. అయిదోసారి వెళ్ళినప్పుడు వరండా బల్ల మీద కూర్చుని ఉంటే, లోపలినుంచి బూరల చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు ఆమెకు నిద్రలో కూడా తెలుస్తుంది. బంట్రోతు వద్దంటున్నా తలుపు తోసింది.

మీటింగు హాలు మధ్యలో మిషను ఉంది. దాని చుట్టూ రెండు శాఖల సిబ్బందీ మూడు వరసల్లో నిలబడి ఉన్నారు. సువర్చల ఓబులేసు వైపు, త్రివిక్రమరావు నాగప్పదొర వైపు. పాట లేదు, ముళ్ళకంచె లేదు. సువర్చల చెంగు నడుముకు బిగించి దొరను ఎడాపెడా వాయిస్తున్నది. పక్కనే జాయింటు డైరెక్టరుగారు తన వంతు కోసం చేతులు రుద్దుకుంటున్నారు. కిటికీలో ఫైళ్ళు పావురాలకు గూడయ్యాయి.

ఆమెను చూసి త్రివిక్రమరావు కొంచెం తడబడి, లోతైన అధ్యయనం కోసం సీలు విప్పామని చెప్పాడు. అధ్యయనం ఎప్పటికి పూర్తవుతుందో చెప్పలేమన్నాడు. తర్వాత ఆమెను పక్కకు పిలిచి, దొర చేతికర్రతో కాళ్ళు ఊడ్చే దెబ్బ ఎలా కొట్టాలో కొంచెం చెప్పగలరా అని గొంతు తగ్గించి అడిగాడు.

అది చెబితే వచ్చేది కాదని, చూపిస్తానని మంగతాయారు అన్నది.

ఎవరో స్టూలు తెచ్చారు. ఆమె కుడివైపు కూర్చున్నది. పద్దెనిమిది సెకన్లలో త్రివిక్రమరావు పడిపోయాడు, పదిహేనులో సువర్చల. జాయింటు డైరెక్టరుగారు తమ సిబ్బందికి ఆదర్శంగా ఉండాలని ముందుకు వచ్చి, తొమ్మిది సెకన్లలో వెనక్కి వెళ్ళారు. మర్నాడు మళ్ళీ రమ్మని ఆమెకు లిఖితపూర్వకంగా ఆదేశమిచ్చారు. ఆమె వెళ్ళింది. రోజూ పది గంటలకు వెళ్ళి అయిదింటి వరకూ కూర్చున్నది. విన్నపంతో వచ్చిన ఆడమనిషి చేతిలో రెండు శాఖలూ హోదాల వరుసలో ఓడిపోతూ వచ్చాయి. జాయింటు డైరెక్టరుగారు ఇంటి దగ్గర ఉత్తచేతులతో సాధన చేసి వచ్చి కూడా వరుసగా ముప్పై ఒక్కసార్లు ఓడారు. ముప్పై ఒకటోసారి వెనక వరసలో బంట్రోతు నవ్వాడు.

ఆ సాయంత్రమే, సదరు యంత్రము కార్యాలయ గౌరవమునకు భంగకరముగా పరిణమించినందున తక్షణం విడుదల చేయవలెనని ఉత్తర్వు తయారైంది. అయితే ఏ మూలానికి విధేయంగా విడుదల చేయాలన్న చిక్కు అలాగే ఉండిపోయింది. దాన్ని సువర్చలే విడదీసింది. సినిమా పేరు, మనుషుల పేర్లు నల్లరంగుతో కొట్టేస్తే, మిషను దేనికీ అనుసరణ కాదు. దేనికీ అనుసరణ కానిదానికి ఏ నియమమూ వర్తించదు. ఆ సంగతిని మూడు సంతకాలతో ధ్రువీకరిస్తూ ఒక పత్రం ఇచ్చారు. దాని పేరు నిరాధార ధ్రువీకరణ పత్రం. ప్రభుత్వం తనకు ఇచ్చిన కాగితాలన్నిటిలో అదొక్కటే మంగతాయారుకు పూర్తిగా అర్థమైంది. పటం కట్టించి గోడకు తగిలించింది.

మిషను వచ్చిన మర్నాడు ఆమె స్వయంగా పక్క వీధికి వెళ్ళింది. గఫూరు కాజాలు కుడుతున్నాడు. పాట లేదనీ, ముళ్ళకంచె లేదనీ, రిజిస్టరు లేదనీ గుమ్మంలో నిలబడి చెప్పింది. అతను కుడుతున్న సూది ఆపలేదు. ఆమె వెనక్కి వచ్చేసింది. అయిదు దాటిన చాలాసేపటికి గఫూరు మెడలో టేపుతో వచ్చి ఎడమవైపు నిలబడ్డాడు.

పేర్లు లేని ఇద్దరు మనుషులు తెర మీద కొట్టుకోవడం మొదలుపెట్టారు. ఆమె కాళ్ళు ఊడ్చే దెబ్బ కొట్టింది. అతను ఎగిరాడు. అలా ఎగరడం ఇదివరకు లేదు. ఈ మూడు నెలలూ అతను ఒట్టి చేతులతో ఏం ఆలోచించుకున్నాడో ఆమెకు తెలియదు. మళ్ళీ కొట్టింది, మళ్ళీ ఎగిరాడు. ఎనభై ఎనిమిదో సెకనులో చేతికర్ర మనిషి వెల్లకిలా పడ్డాడు. బూరలు మోగాయి.

గఫూరు తెరను చూడలేదు. ఆమె మొహంలోకి చూశాడు.

"అక్కా, మళ్ళా రూలేమన్నా పెట్టారా?" అన్నాడు.

మంగతాయారు మొహం కందగడ్డలా ఉంది. నిరాధార పత్రాన్నీ, దాన్ని ఇచ్చినవాళ్ళనూ, వాళ్ళ మీటింగు హాలునూ ఆమె ఒకే ఊపిరిలో తిట్టింది. డబ్బాలోంచి ఇంకో బిళ్ళ తీసి టపీమని వేసింది.

"వారాల తరబడి ఆ ఆఫీసర్లతో ఆడి ఆడి నా చెయ్యి చెడిపోయింది. మాట్టాడకుండా నిలబడు."

ఆమె అంత కోపంగా ఉండటం గఫూరు ఎప్పుడూ చూడలేదు. తాను నిజంగానే గెలిచాడని అప్పుడు నమ్మాడు. టేపు మెడలోంచి తీసి మిషను మీద పెట్టి, ఒక చెయ్యి హ్యాండిల్ మీదికి, రెండోది బటన్ల మీదికి తెచ్చాడు.